దెయ్యం సినిమా ఎవరికి, ఏది, ఎలా చెప్పాలి

శనివారం మధ్యాహ్నం మా వదిన ఫోను చేశారు. “రాత్రికి మంచి దెయ్యం సినిమా ఒకటి చెప్పు. అందరం కూర్చుని చూస్తాం” అన్నారు. అందరూ అంటే ఎవరెవరని అడిగాను. తను, అన్నయ్య, పన్నెండేళ్ల బాబు, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ. నా నోట్లో ఒక పేరు అప్పటికే సిద్ధంగా ఉంది. ముందు వారమే చూసి, నిద్రపట్టక, తెల్లవారగానే నలుగురికి చెప్పిన సినిమా అది. అయినా ఆ పేరు బయటికి రానివ్వలేదు.

ఏడాది క్రితం ఇలాగే తొందరపడి ఒక స్నేహితుడికి ‘భూతకాలం’ చూడమని చెప్పాను. రాహుల్ సదాశివన్ దర్శకత్వంలో 2022లో వచ్చిన మలయాళ చిత్రం. రేవతి, షేన్ నిగమ్ తల్లీకొడుకులుగా చేశారు. ఇంట్లో పెద్దావిడ పోయాక మిగిలిన ఆ ఇద్దరి కథ. నాకు ఎంతో ఇష్టమైన సినిమా. కానీ నా స్నేహితుడి తల్లి పోయి అప్పటికి నెల తిరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ క్షణంలో గుర్తు లేదు. అతను సగంలో ఆపేసి, “సినిమా బాగుంది. నాకు ఇప్పుడు కాదు” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

హాస్య చిత్రం ఒకటి తప్పుగా చెబితే పోయేది రెండు గంటల కాలం. హారర్ తప్పుగా చెబితే ఒక మనిషి రాత్రి పాడవుతుంది, ఒక్కోసారి వారం పాడవుతుంది. అందుకే ఈ పనికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. దాన్ని వరుసగా చెబుతాను.

1. ముందు మీ భయానికి పేరు పెట్టండి

“చాలా భయంకరంగా ఉంది” అన్న మాట వినేవాళ్లకు ఏమీ చెప్పదు. ఏ రకం భయమో చెప్పాలి. అందుకు కావలసిన మాటలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది రసాల్లో భయానకాన్ని, బీభత్సాన్ని విడివిడిగా లెక్కపెట్టింది. భయానకానికి మూలం భయం. బీభత్సానికి మూలం జుగుప్స, అంటే ఒళ్లు జలదరించి ముఖం తిప్పుకోవాలనిపించడం. అంతటితో ఆగకుండా, ముప్పై మూడు సంచారీ భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, త్రాసాన్నీ శంకనూ కూడా వేరుచేసింది. పిడుగు పడినప్పుడు, మృగం అరిచినప్పుడు కలిగే ఉలికిపాటు త్రాసం. ఏదో జరగబోతోందని లోలోపల తొలిచే అనుమానం శంక.

త్రాసం, శంక, జుగుప్స: ఈ మూడు మాటలు చాలు. ఇప్పుడు జంప్ స్కేర్ అంటున్నది అచ్చంగా త్రాసమే. నిశ్శబ్దంలో ఒక్కసారిగా తలుపు దడేలుమంటుంది, ఎగిరిపడతాం, మరుక్షణం పక్కవాళ్లను చూసి నవ్వుకుంటాం. శంక అలా పోదు. సినిమా అయిపోయి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినప్పుడు కూడా వెంట వస్తుంది. జుగుప్స మరీ వేరు. కొందరు దాన్ని భయమనే ఒప్పుకోరు, కొందరు దానికోసమే హారర్ చూస్తారు.

నేను చూసిన వాటికి ఈ కొలత పెట్టి చూశాను. రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ (1992) ఎక్కువగా శంక మీద నడుస్తుంది. కొత్తగా దిగిన ఇల్లు, ఒక పిల్లి, రేవతి ముఖం, అంతే. ‘తుంబాడ్’ (2018) బీభత్సం, అద్భుతం కలిసిన సినిమా. ఎడతెగని వానలో దురాశకు రూపం వచ్చినట్టు ఉంటుంది. ‘ఆనందో బ్రహ్మ’ (2017) పూర్తిగా హాస్యం వైపు మొగ్గింది. ఇక ‘అరుంధతి’ (2009) సంగతి చెబితే కొందరు ఒప్పుకోరు గానీ, నా లెక్కలో అది వీర, రౌద్ర రసాల సినిమా. పశుపతి గొంతు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, నిజమే. కానీ హాలు నుంచి బయటికి వచ్చేటప్పుడు మనసులో మిగిలేది జేజమ్మ తెగువే. భయం వెయ్యాలి అని అడిగినవారికి ‘అరుంధతి’ చెబితే సగమే ఇచ్చినట్టు. భయపడుతూనే గెలవాలి అని కోరుకునేవారికి అంతకు మించినది తెలుగులో నేను చూడలేదు.

2. చూసిన రాత్రే మూడు వాక్యాలు రాసుకోండి

భయం త్వరగా ఆవిరైపోతుంది. రెండు రోజులు ఆగితే మనకు గుర్తుండేది కథ ఒక్కటే. అభిప్రాయమంటే కథ తిరిగి చెప్పడం కాదు. అందుకే ఆ రాత్రే మూడు సంగతులు రాసుకోవాలి. ఎక్కడ నా ఒళ్లు స్పందించింది? అప్పుడు తెర మీద ఏం కనిపిస్తోంది? అప్పుడు ఏం వినిపిస్తోంది?

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. హారర్‌లో సగానికి పైగా పని చెవుల దగ్గరే జరుగుతుంది. జాన్ కార్పెంటర్ తన ‘హాలోవీన్’ (1978) చిత్రాన్ని సంగీతం, శబ్దాలు కలపకముందు ఒక స్టూడియో అధికారిణికి చూపిస్తే ఆమెకు ఏమాత్రం భయం వెయ్యలేదట. తరువాత ఆయనే సంగీతం కూర్చారు. ఆ పియానో బాణీ ఇప్పటికీ ఆ సినిమా చూడనివారిని కూడా కలవరపెడుతుంది.

రాసుకోవడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ (1980)లో ఒక చిన్న పిల్లవాడు ఖాళీ హోటల్ వరండాల్లో మూడు చక్రాల బండి తొక్కుతుంటాడు. ఆ రాత్రి నా పుస్తకంలో మొదట “పిల్లవాడి బండి సీను అద్భుతం” అని రాసి కొట్టేశాను. అది ఎవరికీ పనికిరాదు. మళ్లీ చూసి ఇలా రాశాను: “కెమెరా పిల్లవాడి వెనకే, నేలకు దగ్గరగా పోతోంది. బండి చెక్క నేల మీద ఉన్నంతసేపూ చక్రాల రొద. తివాచీ మీదికి ఎక్కగానే నిశ్శబ్దం. మళ్లీ చెక్క, మళ్లీ రొద. ఏమీ జరగడం లేదు. కానీ ప్రతి నిశ్శబ్దానికీ ఊపిరి బిగబట్టాను. మలుపు దగ్గర ఏముందో పిల్లవాడితో పాటు నాకూ తెలియదు.” ఇప్పుడు ఇది చదివినవారికి ఆ సినిమా తమకు పడుతుందో లేదో తెలుస్తుంది. కథ ఒక్క ముక్క కూడా బయటపడలేదు.

మర్నాడు ఆ కాగితం కిందే ఇంకో వాక్యం చేర్చండి: పొద్దున లేచాక ఏది గుర్తొచ్చింది? త్రాసం మీద బతికే సినిమాకు ఈ వరుస చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. అది తప్పేమీ కాదు. కానీ అడిగినవారికి ఆ మాట కూడా చెప్పాలి.

3. ఎలా చూశారో దాచకండి

థియేటర్లోనా, ఇంట్లో టీవీలోనా, బస్సులో ఫోనులోనా? ఒక్కరేనా, పదిమందితోనా? పట్టపగలు కర్టెన్లు తీసి, మధ్యలో రెండుసార్లు లేచి, ఫోనులో చూసిన సినిమా గురించి “ఇందులో ఏమీ లేదు” అని తేల్చెయ్యడం అన్యాయం. నేనైతే అలా చూసిన సినిమా మీద అభిప్రాయమే చెప్పను. మళ్లీ చూశాక చెబుతాను.

4. అడిగినవారిని మీరు నాలుగు ప్రశ్నలు అడగండి

ఎవరితో చూస్తారు? ఎప్పుడు, ఎక్కడ? ఇంతకు ముందు మిమ్మల్ని నిజంగా భయపెట్టిన సినిమా ఏది? ఏది అస్సలు చూడలేరు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే ముఖ్యం. నాలుగోదానికి చాలామంది మొహమాటపడతారు. “నాకేం, ఏదైనా చూస్తాను” అంటారు. అప్పుడు మీరే పేరు పేరునా అడగాలి. నెత్తురు, కత్తిపోట్లు? పిల్లలకు ఏదైనా జరగడం? జంతువులకు? పాములు, పురుగులు? ఆడవాళ్ల మీద హింస? ఆత్మహత్య? ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా, ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారా? ఈ చివరిది అడగడానికి నాకూ మొదట్లో ఇబ్బందిగా ఉండేది. నా స్నేహితుడి సంగతి తరువాత మానలేదు.

మా వదినతో మాట్లాడితే తేలింది ఇది. మా అమ్మకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ దెయ్యం కథలంటే ప్రాణం. చిన్నప్పుడు ఊళ్లో కొరివి దెయ్యాల కథలు మేం నోరు తెరుచుకుని వినేలా చెప్పేది. బాబుకు ఉలిక్కిపడటం సరదా, కానీ ఈ ఏడాదే విడిగా గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. అంటే వాడికి త్రాసం ఫరవాలేదు, శంక మాత్రం వద్దు. అన్నయ్య పది నిమిషాల్లో నిద్రపోతాడు కాబట్టి ఆయన లెక్కలోకి రాడు. వదినకు అసలైన భయం కావాలి, కానీ ఆ రాత్రి తను ఒక్కరే కాదు.

నలుగురు కూర్చున్నప్పుడు అందరికంటే సున్నితమైనవారిని చూసి సినిమా ఎంచాలి. ‘ఆనందో బ్రహ్మ’ చెప్పాను. దెయ్యాలే మనుషులకు భయపడితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో మహి వి. రాఘవ్ తీసిన సినిమా. “మీకు సరిపోయేది వేరే ఉంది వదినా, అది తరువాత చెబుతాను” అని కూడా చెప్పాను.

5. కథ ఎంతవరకు చెప్పాలి

నా హద్దు ఇది: మొదటి ఇరవై నిమిషాలు, లేదా ట్రైలర్‌లో చూపించినంత. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

‘విరూపాక్ష’ (2023) గురించి చెప్పాలనుకోండి. 1991లో రుద్రవనం అనే ఊరు. పన్నెండేళ్ల కిందట చేతబడి చేశారని ఒక జంటను ఊరివాళ్లు సజీవంగా తగలబెట్టారు. ఇప్పుడు ఒకరి తరువాత ఒకరు చనిపోతున్నారు, ఊరి పొలిమేర దాటడానికి లేదు. ఇంతే. ఇక్కడ ఆపాలి. “ఎవరు చేస్తున్నారో మీరు కలలో కూడా ఊహించలేరు” అని చేర్చారా, చెడగొట్టినట్టే. చూసేవారు ఇక సినిమా చూడరు, ప్రతి పాత్రనూ అనుమానిస్తూ కూర్చుంటారు. ట్విస్ట్ ఏమిటో చెప్పడం ఎంత తప్పో, ట్విస్ట్ ఉందని చెప్పడం దాదాపు అంతే తప్పు. ‘సైకో’ (1960) విడుదలైనప్పుడు దర్శకుడు హిచ్‌కాక్, బొమ్మ మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని పట్టుపట్టారు. ముగింపు బయటపెట్టొద్దని ప్రేక్షకులను బతిమాలుకున్నారు. అరవై ఏళ్లు దాటినా దాన్ని చూడనివారు ఇంకా ఉన్నారు, వాళ్లకూ ఆ మర్యాద దక్కాలి.

అయితే హెచ్చరిక వేరు, కథ చెప్పెయ్యడం వేరు. “ఇందులో ఒక పిల్లకు ప్రమాదం జరుగుతుంది, మీకు ఇబ్బందయితే చూడకండి” అంటే కొంత రహస్యం పోతుంది. పోనివ్వండి. సినిమా కంటే మనిషి ముఖ్యం. ఎప్పుడు, ఎవరికి, ఎలా అన్నది చెప్పకుండా, ఏ రకం విషయం ఉందో మాత్రం చెబితే సరిపోతుంది. ఆరి ఆస్టర్ ‘హెరిడిటరీ’ (2018) చెప్పాల్సి వస్తే నేను ఎప్పుడూ ఒక మాట ముందు అంటాను: “ఇది ఇంట్లో చావు గురించిన సినిమా. దెయ్యం కంటే ఆ దుఃఖమే ఎక్కువ భయపెడుతుంది.”

6. సర్టిఫికెట్ చూడండి, దాని మీదే ఆధారపడకండి

పిల్లలు పెద్దల పర్యవేక్షణలో చూడదగ్గ యూఏ విభాగాన్ని సెన్సార్ బోర్డు ఇప్పుడు మూడు చేసింది: 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు దాటినవారికి అని. ఓటీటీల్లోనూ ఇలాంటి వయసు గుర్తులే కనిపిస్తాయి. పిల్లలున్న ఇంటికి చెప్పేటప్పుడు ముందు ఇది చూడాలి. కానీ సర్టిఫికెట్ వయసు చెబుతుంది, భయం పాలు చెప్పదు. పెద్దలకు మాత్రమే అన్న గుర్తు ఉన్న సినిమా చప్పగా ఉండవచ్చు, నెత్తురు చుక్క లేని సినిమా పిల్లవాణ్ణి నెల రోజులు నిద్రపోనివ్వకపోవచ్చు.

7. మూఢనమ్మకం గురించి మౌనంగా ఉండకండి

ఇది మన దగ్గర తప్పనిసరి అని నా నమ్మకం. చేతబడి, బాణామతి తెర మీద కథాంశాలే కావచ్చు. కానీ ఆ నెపంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలుగు నేల మీద జరిగాయి. అలాంటి కథ ఉన్న సినిమా గురించి చెప్పేటప్పుడు భయం ఎంత పండిందో చెప్పి ఊరుకుంటే సరిపోదు. నింద పడిన మనిషిని సినిమా ఏ కంటితో చూసింది? జబ్బు పడిన అమ్మాయిని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడమే పరిష్కారం అన్నట్టు చూపించిందా, లేక ఆ ఇంటి నిస్సహాయతను చూపించిందా? సినిమా నచ్చినా ఈ విషయంలో మీకు ఇబ్బంది కలిగితే ఆ రెండూ కలిపే చెప్పండి. రెండూ నిజాలే కదా.

8. ఏ భాషలో చూశారో చెప్పండి

హారర్‌లో గుసగుస, ఊపిరి, మాట విరుపు ప్రాణం. డబ్బింగ్‌లో ఇవి పోవచ్చు, ఒక్కోసారి పెరగనూ వచ్చు. ‘అరుంధతి’లో సోనూ సూద్‌కు పి. రవిశంకర్ ఇచ్చిన గొంతు లేకపోతే పశుపతి అంతగా గుర్తుండేవాడు కాదు.

భాషే భయమైన సందర్భం ఒకటుంది. మలయాళంలో 1993లో వచ్చిన ‘మణిచిత్రతాళ్’లో కథానాయికలోని నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరిదీ కాని భాష ఆ నోట వినడంతోనే గుండె జారుతుంది. అదే కథ 2005లో తమిళ ‘చంద్రముఖి’గా వచ్చినప్పుడు ఆ పరాయి భాష తెలుగైంది. తమిళ ప్రేక్షకులను వణికించింది మన మాట! ఇలాంటి సినిమాను డబ్బింగ్‌లో చూడాలా, మూలంలో చూడాలా అన్నది చిన్న విషయం కాదు. చూసినవారే చెప్పాలి.

9. ఒక్క సినిమా చెప్పండి, ఇలా చెప్పండి

పది పేర్ల జాబితా పంపితే వాళ్లు ఏదీ చూడరు. ఒకటి చెప్పండి, మహా అయితే రెండు. ఆదివారం పొద్దున మా వదిన మళ్లీ ఫోను చేశారు. మా అమ్మ చివరి వరకు మేలుకుని చూసిందట, బాబు హాయిగా వాడి గదిలోనే పడుకున్నాడట. “సరే, ఇప్పుడు నాకొక్కదానికే చెప్పు” అన్నారు. మొదట ఇలా రాశాను:

“మసూద చూడండి వదినా. సూపర్ ఉంటుంది. ద్వితీయార్ధం మామూలుగా ఉండదు. ఒంటరిగా చూడొద్దు!”

చదువుకుంటే ఇందులో ఆవిడకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. కొట్టేసి మళ్లీ రాశాను:

“వదినా, ‘మసూద’ (2022) చూడండి. సాయికిరణ్ దర్శకుడు. కూతురితో ఒంటరిగా ఉంటున్న ఒక టీచరు, పక్క ఇంట్లో బెరుకుగా ఉండే ఒక కుర్రవాడు. కూతురి తీరు మారుతుంది. తల్లిగా సంగీత నటన కోసమే చూడవచ్చు. దేనికీ ధైర్యం లేని కుర్రవాడు సాయం చెయ్యాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది. మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టండి. చాలావరకు శంక, పోనుపోను త్రాసం. చివర్లో కత్తులు, నెత్తురు ఉన్నాయి, అమ్మ ఉన్న గదిలో వద్దు. రెండున్నర గంటలకు పైనే ఉంటుంది కాబట్టి తొమ్మిదిలోపు మొదలుపెట్టండి. నేను రాత్రిపూట ఇంట్లో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూశాను.”

ఎవరి కోసం, ఏ భయం, ఎక్కడ ఓపిక కావాలి, ఎక్కడ జాగ్రత్త కావాలి, ఎంతసేపు, నేను ఎలా చూశాను. అన్నీ ఇందులో ఉన్నాయి. సినిమాలోని లోపం కూడా చెప్పాను. లోపం చెప్పని మాట మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

10. “నాకేం భయం వెయ్యలేదు” అన్నవారితో

వాదించకండి. భయం వెయ్యకపోవడం ధైర్యానికి గుర్తు కాదు, వెయ్యడం పిరికితనానికీ గుర్తు కాదు. “మరి మీకు సినిమా ఎక్కడ పట్టు తప్పింది?” అని అడిగి వినండి. చాలాసార్లు మంచి జవాబు వస్తుంది: దెయ్యాన్ని త్వరగా చూపించేశారని, పాట అడ్డొచ్చిందని, నేపథ్య సంగీతం ముందే హెచ్చరించేసిందని. పాత సినిమాలైతే ఒక్క మాట చేర్చండి. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973)కు వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి శబ్దానికి. అందులోని మేకప్ చూసి ఈనాటి కుర్రవాళ్లు నవ్వితే, కళ్లు మూసుకుని ఆ పడకగది సన్నివేశాన్ని ఒక్కసారి వినమనండి.

11. మళ్లీ అడగండి, రాసి పెట్టుకోండి

“నచ్చిందా?” అని అడిగితే మొహమాటానికి అవునంటారు. “ఎక్కడ ఆపాలనిపించింది?” అని అడగండి. మంగళవారం వదిన చెప్పారు: “తల్లి భాగం చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది, అది నిజంగా బాగుంది. చివర్లో ఆ నెత్తురు మాత్రం నా వల్ల కాలేదు, ముందుకు జరిపేశాను. ఈసారి నెత్తురు లేకుండా అంత భయం ఉన్నది చెప్పు.”

నా పుస్తకంలో ఆవిడ పేరు పక్కన రాసుకున్నాను: శంక ఇష్టం, తల్లీబిడ్డల కథ ఇష్టం, బీభత్సం పడదు. దాని కింద ‘భూతకాలం’ అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను. వచ్చే వారం వాళ్ల నాన్నగారికి కంటి ఆపరేషన్ ఉంది. అది అయి, ఆయన ఇంటికి వచ్చి, అందరూ కుదురుకున్నాక చెబుతాను.